ఆన్సెల్మో గారి పసుపు గీత

ఆన్సెల్మో ట్రెవీనో గారి దృష్టిలో రోడ్డుకు అవతలి పక్క విదేశం.

మాటవరసకి అనడం కాదు. అవతలి కొట్లో టమాటాలు కొనాల్సి వస్తే ముందు టోపీ సర్దుకునేవారు. జేబులో గుర్తింపు కార్డు ఉందో లేదో తడిమి చూసుకునేవారు. ఆ తర్వాత నడుముకు వేలాడే వైర్‌లెస్ సెట్టు నోటి దగ్గర పెట్టుకుని నాకు కబురు చేసేవారు.

"అమ్మా విల్మా, విదేశం వెళ్తున్నా."

"ఎంతసేపండీ?"

"మంచి టమాటాలు దొరికేదాకా. రాకపోతే మా ఆవిడతో చెప్పు."

పదకొండు నిమిషాలకు సెట్టు మళ్ళీ గరగరమనేది. "వచ్చేశా." ఆ ఒక్క మాటలో ఒడ్డు చేరిన ఓడ నిట్టూర్పు వినిపించేది.

నేను మా టౌన్‌హాల్లో ఫోన్ల దగ్గర కూర్చునేదాన్ని. ఆయన వీధుల మేస్త్రీ. ఇరవై ఆరేళ్ళు ఆయన విదేశయానాలన్నీ నా చెవిలోంచే సాగాయి.

మా పికాన్ హిల్ ఈ చివర నుంచి ఆ చివరికి నడిస్తే ఇరవై నిమిషాలు. దారిలో ఎవరైనా పలకరిస్తే గంటన్నర. నాలుగు వైపులా సాన్ ఆంటోనియో నగరం. ఎటు చూసినా అదే, అంతు లేకుండా, వేసవి ఎండలో అలల్లా కదిలే కప్పులతో. అంత నీటి మధ్య అరచేతంత నేల మాది. పోస్టువాళ్ళకి రెండూ ఒకటే ఊరు. మాకు మాత్రం మా మేయరమ్మ వేరు, మా ఏడుగురు పోలీసులు వేరు, మా ఒక్క ఫైరింజను వేరు. మా నీళ్ళ ట్యాంకు మీద మా పేరు, మధ్యాహ్నం పన్నెండింటికి మా సైరను. అది మోగగానే పెద్ద నగరంలో కూడా వాచీలు సరిచేసుకుంటారని ఆన్సెల్మో గారి నమ్మకం.

రోజూ తెల్లవారగానే ఆయన ఊరి పొలిమేర మొత్తం చుట్టివచ్చేవారు. ఒక చేతిలో కర్రకు బిగించిన కొలత చక్రం, రెండో చేతిలో పసుపు రంగు డబ్బా. నాలుగు మైళ్ళ మూడు వందల పన్నెండు అడుగులు. చక్రం టిక్కు టిక్కుమంటుంటే నిద్రలేవని ఇళ్ళ ముందు ఒక పెద్ద గడియారం నడిచి వెళ్తున్నట్టుండేది. గీత ఎక్కడ వెలిసిపోతే అక్కడ వంగి, ఊపిరి బిగబట్టి, పాపిట దిద్దినట్టు దిద్దేవారు. ఎండల్లో పేవ్‌మెంటు బీటలిస్తే ఏ బీట ఏ చెట్టు వేరు చేసిన పనో పేరు పెట్టి చెప్పేవారు.

బార్బర్ ఓటిస్ కొట్టు సరిగ్గా గీత మీద పడింది. కుర్చీ మాది, అద్దం వాళ్ళది. ఆన్సెల్మో గారు జుట్టు కత్తిరించుకుంటూ ఎప్పుడూ కళ్ళు మూసుకునే కూర్చునేవారు.

"అద్దంలో చూసుకోండి సార్, చెవుల దగ్గర సరిపోయిందా?" అని ఓటిస్ అడిగేవాడు.

"తల ఇక్కడుంది. మొహం ఒక్కటీ విదేశం పంపడం నాకిష్టం లేదు. నువ్వే చూసి చెప్పు."

"చెప్తా. కుడి చెవి కొంచెం విదేశీలా ఉంది."

ఆయన దిగ్గున లేచి, అద్దంలో చూసుకుని, అప్పుడు తనను ఆటపట్టించారని తెలుసుకునేవారు. ఈ హాస్యం నెలకోసారి జరిగేది. నెలకోసారి ఆయన లేచేవారు.

ఒకసారి ఒకాయన కుక్కని తిప్పుతున్నాడు. మనిషి మా పేవ్‌మెంటు మీద, కుక్క తాడు పొడవునా అవతల. ఆన్సెల్మో గారు ఆగి, కుక్కని చూసి, మనిషిని చూసి, "మీరిద్దరూ ఒకే ఊళ్ళో ఉంటే నాకు మనశ్శాంతిగా ఉంటుందండీ" అన్నారు. ఆ మనిషి నవ్వాడు గానీ కుక్కని లాక్కున్నాడు. ఆయన ముందు గీత గురించి ఎవరూ వాదించేవాళ్ళు కాదు.

ఆయన భార్య బియాట్రిజ్ చర్చి మెట్ల మీద ఆడవాళ్ళకి చెప్పేది: "పెళ్ళిరోజుకి మా ఆయన నన్ను ఫారిన్ తీసుకెళ్ళాడు. రెండు వీధులవతల హోటలు. భోంచేసినంతసేపూ కిటికీలోంచి మన నీళ్ళ ట్యాంకు కనిపించే కుర్చీ కావాలని సర్వర్ ప్రాణం తీశాడు."

నవ్వేవాళ్ళం. అయినా ఆ నవ్వు అడుగున మాకందరికీ కొంచెం అబ్బురంగానే ఉండేది. ఇంత చిన్న నేలని ఇంత పెద్దగా చూడగల మనిషిని ఎక్కడ చూస్తాం? ఆయన నడిచి వచ్చాకే మా ఊరు ఆ రోజుకి మొదలైనట్టుండేది.

మా ఊళ్ళో ఒక ఆచారం ఉంది. అరవై ఐదు దాటి ఒంటరిగా ఉండేవాళ్ళందరికీ పొద్దున తొమ్మిదింటికి టౌన్‌హాల్ నుంచి ఫోను వెళ్తుంది. "లేచారా?" అని అడుగుతాం. లేచామంటే సరే. నాలుగుసార్లు మోగినా ఎత్తకపోతే ఎవరో ఒకరు తలుపు దగ్గర ఉంటారు. ఆ ఫోన్లు చేసేది నేనే. జాబితా రాసిచ్చేది ఆన్సెల్మో గారు, ఎందుకంటే ఏ ఇంట్లో ఎవరున్నారో ఆయన కాళ్ళకి తెలుసు.

జాబితాలో చివరి పేరు జోసెఫీన్ వ్రానా గారు. లార్క్‌స్పర్ వీధి, ఎనభై ఏడేళ్ళు. ఆవిడతో మాట్లాడకపోతే నాకు కాఫీ దిగేది కాదు.

"లేచారా అండీ?"

"లేవకపోతే ఎవరు మాట్లాడుతున్నారనుకున్నావు, నా దెయ్యమా?"

"దెయ్యమైతే ఇంకాస్త మర్యాదగా మాట్లాడుతుందండీ."

"శుక్రవారం కొలాచీలు చేస్తున్నా. మీ మేస్త్రీని పంపు. ప్లమ్ జామువి ఆయనకి, ఆప్రికాట్‌వి నీకు. దారిలో నీవి కూడా తినేస్తే నాకు చెప్పు."

కొలాచీలంటే నడుమ పళ్ళ జాము పెట్టి కాల్చే మెత్తటి బన్నులు. ప్రతి శుక్రవారం ఆయన తినేసేవారు. ప్రతి శుక్రవారం నేను చెప్పేదాన్ని.

అంతా ఇలా సాగుతుండగా మాకు బ్రాడీ అనే కొత్త మేనేజరు వచ్చాడు. ఇస్త్రీ చొక్కా, మంచి మనసు, చేతినిండా కాగితాలు. పొలిమేర రోడ్లకి రెండు ఊళ్ళూ కలిసి కొత్త తారు వేయాలనుకున్నాయి. ఎవరి భాగం ఎంతో తేలాలి కాబట్టి బ్రాడీ ఒక సర్వేయరమ్మని పిలిపించాడు. ఉపగ్రహాలతో మాట్లాడే యంత్రం ఆవిడది.

ఆన్సెల్మో గారు ఆ యంత్రాన్ని చుట్టూ తిరిగి చూశారు. "ఇది నడుస్తుందా?"

"లేదండీ, నిలబెడితే అదే చూసుకుంటుంది."

"నడవకుండా ఊరెలా తెలుస్తుందమ్మా?" అని ఆయన వెళ్ళిపోయారు.

మూడు రోజుల తర్వాత సర్వేయరమ్మ టౌన్‌హాల్‌కి వచ్చి నా ఎదుట కుర్చీలో కూలబడింది. "ఈ పసుపు గీత ఎవరు గీశారు? ఏ పరికరంతో?"

"ఒక చక్రం, ఒక డబ్బా" అన్నాను.

"నాలుగు మైళ్ళలో నా యంత్రానికీ ఆ గీతకీ తేడా వేలెడు కూడా లేదండీ. యంత్రం పాడైందేమోనని రెండుసార్లు చూశాను." ఆవిడ కిటికీలోంచి, దూరంగా చెట్ల కింద వంగి రంగు వేస్తున్న మనిషిని గుడిలో విగ్రహాన్ని చూసినట్టు చూసింది. తర్వాత గొంతు తగ్గించింది. "ఒక్క చోట తప్ప."

లార్క్‌స్పర్ వీధిలో గీత నడిరోడ్డున తిన్నగా పోవాలి. ఒక ఇంటి దగ్గరికి వచ్చేసరికి అది తిన్నదనం మరిచిపోయి, రోడ్డు దాటి, ఆ ఇంటిని పెరటితో సహా చుట్టి, మళ్ళీ ఏమీ ఎరగనట్టు నడిరోడ్డుకి వచ్చింది. గీతకి పొట్ట వచ్చింది. ఆ పొట్టలో వ్రానా గారు ఉన్నారు.

ఆ వంపు మేమందరం పందొమ్మిదేళ్ళుగా చూస్తున్నదే. ఒక్కరం అడగలేదు. ఆన్సెల్మో గారి గీత అక్కడ వంగిందంటే ఊరే అక్కడ వంగిందనుకున్నాం.

గురువారం కౌన్సిల్ సమావేశం. ఊరు ఊరంతా వచ్చి గోడల వెంట నిలబడింది. బ్రాడీ ఇబ్బందిగా గొంతు సవరించుకున్నాడు.

"ఆ ఇల్లు మన ఊరిది కాదు. ఎన్నడూ కాదు. మన సేవలు మన ఊరివాళ్ళకే అని నిబంధన. కాబట్టి రేపటి నుంచి ఆ పేరు జాబితాలోంచి తీసేయాలి. పొద్దుటి ఫోను కూడా ఆగిపోవాలి."

నా చేతిలో జాబితా ఉంది. చివరి పేరు మీద బొటనవేలు పెట్టి గట్టిగా నొక్కిపట్టాను, ఎవరూ లాక్కుపోకుండా.

మేయరమ్మ మెల్లగా అడిగింది. "ఆన్సెల్మో గారూ, ఎప్పుడో పొరపాటు జరిగిందంటారా?"

జాలితో తెరిచిపెట్టిన తలుపు అది. ఊఁ అంటే చాలు, అందరూ ఇంటికి పోతారు. ఆయన నిటారుగా లేచారు.

"పొరపాటా? నేనా? ఆ వంపు వెడల్పు అరవై రెండు అడుగులండీ. అంగుళం అటూ ఇటూ లేదు. కావాలనే వంచాను."

హాలు గుసగుసలాడింది.

"పందొమ్మిదేళ్ళ కిందట, నవంబరు. నేను లార్క్‌స్పర్‌లో నడుస్తున్నా. అవతల నుంచి చప్పుడు. గరిటెతో గిన్నె మీద కొట్టినట్టు, ఆగి ఆగి. మనది కాదు కదా అనుకుని నాలుగడుగులు వేశాను." ఆయన నాలుగు వేళ్ళు చూపించారు. "ఆ నాలుగడుగులు ఇప్పటికీ నా చక్రంలో ఉన్నాయి. వెనక్కి తిరిగి వెళ్ళాను. వంటింట్లో పడిపోయి ఉంది ఆవిడ. ముందురోజు పొద్దున పడిందట. పలకరించే దిక్కు లేదు. భర్త పోయి అప్పటికి నెల. ఆవిడని మన ఊరికి మార్చుకుందామనుకున్నా. ఆ ఇంట్లోంచి కదలనంది. మనిషి కదలనన్నప్పుడు ఏం చేస్తాం? గీత తేలిక కదా. దాన్ని కదిపాను."

హాలు వెనకనుంచి వాకర్ టకటకమంది. వ్రానా గారు, చేతిసంచితో, దారి ఇమ్మంటూ ముందుకి వస్తున్నారు.

"నాకు తెలుసు" అన్నారావిడ.

ఆన్సెల్మో గారు తెల్లబోయారు. "ఏం తెలుసు?"

"నా ఇల్లు మీ ఊళ్ళో లేదని. పన్ను కాగితం అవతల నుంచి వస్తుంది, నా ఓటు అవతల. చదువు రాదనుకున్నావా? నువ్వు చక్రం దొర్లించుకుంటూ నా ఇంటి చుట్టూ రంగు వేస్తుంటే, పాపం లెక్క తప్పాడనుకున్నా. ఇంత గర్వమున్న మనిషి, చెబితే కుమిలిపోతాడని నోరు మూసుకున్నా."

"నేను లెక్క తప్పానని... పందొమ్మిదేళ్ళుగా నా గురించి అలా అనుకుంటున్నారా?"

"మరి శుక్రవారం శుక్రవారం కొలాచీలు ఎందుకు పంపాననుకున్నావు? జాలిపడి!"

హాలు విరగబడి నవ్వింది. ఆయన మాత్రం నవ్వలేదు. కూర్చుని, నుదురు తుడుచుకుని, "జాలి కొలాచీలు!" అని తనలో తాను రెండుసార్లు అనుకున్నారు.

బ్రాడీ కూడా నవ్వాడు, కానీ కాగితం వదల్లేదు. "నాకూ బాధగానే ఉందండీ. కానీ గీత..."

"గీత నేనే సరిచేస్తా" అన్నారు ఆన్సెల్మో గారు. "రేపు పొద్దున్నే. నిజం నిజమే. ఆవిడ ఇల్లు విదేశం."

నేను జాబితా మీంచి బొటనవేలు తీసేశాను.

ఆయన టోపీ తీసి చేతిలో పట్టుకున్నారు. "అయితే ఒక్క మాట మేయరుగారూ. మనకి నాలుగు వైపులా విదేశం. ఇన్నేళ్ళ ఊరు, విదేశంలో ఒక్క రాయబారి లేరు. నాకెప్పుడూ సిగ్గుగానే ఉంటుంది. లార్క్‌స్పర్‌లో ఒక మంచి ఇల్లు చూశాను. రాయబారిగా ఉండదగ్గ మనిషి కూడా ఉన్నారు, కాస్త నోరు పెద్దదనుకోండి."

మేయరమ్మ మొహంలో వెలుగు మెల్లగా పాకింది. "రాయబారి క్షేమం కనుక్కోవడానికి రోజూ ఫోను చేయాలి కదా?"

"తప్పదు. తొమ్మిదింటికి."

"మరి చెత్త?" అన్నాడు ఓటిస్ వెనకనుంచి. "పెరట్లోకి వెళ్ళి ఎత్తుకొచ్చేది మన వాళ్ళే కదా."

"రాయబారి కార్యాలయం చెత్తలో రహస్య కాగితాలుంటాయి. బయటివాళ్ళ చేతికి ఎలా ఇస్తాం?"

"దీనికి నిబంధన ఏమైనా ఉందా?" అని బ్రాడీ నీరసంగా అడిగాడు.

"చేయకూడదని ఉందా, చూడు" అంది మేయరమ్మ.

బ్రాడీ పుస్తకం మొదటినుంచి చివరిదాకా తిప్పాడు. హాలంతా ఆ పేజీల చప్పుడు విన్నది. "లేదు" అన్నాడు చివరికి. ఐదుగురు సభ్యులు చేతులెత్తారు. ఓటు హక్కే లేని బ్రాడీ చెయ్యి అందరికంటే ముందు లేచింది.

మర్నాడు తెల్లవారాక ఆన్సెల్మో గారు ఇనప కుంచెతో ఆ వంపు మొత్తం గీకేశారట. నడిరోడ్డున కొత్త గీత గీశారట, దారం పట్టినట్టు. ఎనిమిదిన్నరకి నా సెట్టు గరగరమంది.

"అమ్మా విల్మా, విదేశం వెళ్తున్నా."

"ఎంతసేపండీ?"

"రాచకార్యం. చెప్పలేను."

తొమ్మిది కొట్టగానే జాబితా మొదలుపెట్టాను. చివరి పేరు దగ్గరికి వచ్చి, నంబరు తిప్పాను. రెండోసారి మోగగానే ఫోను ఎత్తారు.

"పికాన్ హిల్ రాయబారి కార్యాలయం. ఎవరు కావాలి?"

"లేచారా అండీ?"

"లేవకపోతే దేశాలు ఎలా నడుస్తాయి? ఇక్కడ మీవాడొకడు వంటింట్లో కూర్చుని, ఇవి జాలి కొలాచీలా గౌరవ కొలాచీలా తేల్చి చెబితేనే తింటానని ధర్నా చేస్తున్నాడు. ఏం చెప్పమంటావు?"

"గౌరవమనే చెప్పండి."

"చెప్పాను. అయినా చేతిలో పట్టుకుని చూస్తున్నాడు, తినడు."

మధ్యాహ్నం సైరను మోగింది. మా ట్యాంకు మీదుగా, పసుపు గీత మీదుగా, అవతలి కప్పుల మీదుగా అది ఎంత దూరం పోతుందో నేను ఆ రోజే మొదటిసారి చెవి ఒగ్గి విన్నాను. అది ఆగాక సెట్టు గరగరమంది.

"వచ్చేశా" అన్నారు ఆన్సెల్మో గారు, నోటినిండా ఏదో పెట్టుకుని.

"నా ఆప్రికాట్‌వి?" అన్నాను.

సెట్టు చాలాసేపు గరగరమంటూనే ఉంది.