మా ఆవిడ వేసిన మెంబరు

మా ఆవిడ మూడు నెలల క్రితం పోయింది. పొద్దున్నే క్లినిక్‌కి బయల్దేరుతూ గుమ్మంలో కూర్చుండిపోయింది. గుండె అన్నారు. అమలాపురం చుట్టుపక్కల పళ్ల డాక్టరమ్మగా ఆమె చాలామందికి తెలుసు. ఆలస్యంగా విన్నవాళ్లు ఇంకా ఫోన్ చేస్తున్నారు. అందరికీ నోటితో చెప్పలేక రాస్తున్నాను.

పన్ను పోయి దవడ ఎముక అరిగిన చోట మళ్లీ ఎముక పెంచడం ఆవిడకు ఇష్టమైన పని. గుంటలో ఎముక పొడి నింపి, పైన కొలాజెన్ పొర కప్పి, చిగురు కుట్టేది. "చిగురుది తొందర, ఎముకది నిదానం. మధ్యలో దడి కట్టకపోతే జాగా అంతా చిగురే ఆక్రమించేస్తుంది" అనేది. కొన్ని నెలలకు ఆ పొర దానంతటదే కరిగిపోతుంది.

రోగులకు ఆ పొరను మెంబ్రేన్ అని చెప్పేది. ముమ్మిడివరం ఆటో ఆయన ఒకరికి అది మెంబరుగా వినిపించింది. నేను కాలేజీలో పాఠాలు చెప్పి వచ్చి, ఆవిడ కోసం క్లినిక్ బల్ల మీద కూర్చుని ఉన్నాను. ఆయన కుట్లు చూపించుకోవడానికి వచ్చి, పక్కనున్నవాళ్లతో, "నా దవడకి మెంబర్నేసేరండి డాక్టరమ్మ గారు" అన్నాడు.

"ఏ పార్టీవోడండీ?" అంది ఒకామె.

"పని చేసి తనే దిగిపోతాడంటండి. అలాంటోడు ఏ పార్టీలో ఉంటాడండీ?"

లోపల మా ఆవిడ నవ్వు వినిపించింది. ఆ రోజు నుంచి క్లినిక్‌లో అదే మాట ఖాయమైంది.

ఆ పొర ఏ జంతువు నుంచి తీసిందో చెప్పకుండా ఎవరికీ పెట్టేది కాదు. విని కొందరు లేచి వెళ్లిపోయేవారు. "అడగనివాళ్లకి చెప్పడమెందుకు?" అన్నానొకసారి. "నోరు తెరుచుకుని పడుకున్నవాళ్లు అడగలేరండీ" అంది. ద్రాక్షారామం నుంచి వచ్చే పెద్దావిడ ఒకరు మాంసం ముట్టని మనిషి. అలాగే వద్దని వెళ్లిపోయి, వారానికి తిరిగొచ్చింది. "ఆ పొర లేకుండా అయ్యేదేదో చెయ్యమ్మా. చెప్పేవు చూడు, అందుకే ఇంకో చోటికి వెళ్లలేదు" అంది.

ఆరు నెలల క్రితం నాకూ వేసింది. కింది దవడ పన్ను ఒకటి పోయింది. మత్తు సూది ఇస్తూ నర్సుతో, "ఈయన మాట్లాడకుండా వినే అవకాశం పాతికేళ్లకి దొరికిందమ్మా" అంది. తర్వాత రోజూ కాఫీ ఇస్తూ అడిగేది.

"మీ మెంబరు ఎలా ఉన్నాడండీ?"

"పని చేస్తున్నాడు" అనేవాణ్ణి.

తను పోయిన రోజు పొద్దున కూడా అడిగింది. పేపరు చూస్తూ తలాడించాను.

ఇక అక్కడ కొత్త పన్ను పెట్టాలి. ఆవిడ దగ్గర పని నేర్చుకున్న అమ్మాయి కొత్తపేటలో డాక్టరు. రెండుసార్లు ఫోన్ చేసింది. రెండుసార్లూ తర్వాత వస్తానన్నాను. చిగురు కోస్తే ఆవిడ పెట్టింది పోతుందని భయం. అది ఈపాటికి కరిగిపోయి ఉంటుందని తెలుసు. తెలిసినా వెళ్లలేకపోయాను.

మూడోసారి ఆ అమ్మాయి మెల్లగా చెప్పింది. "ఆలస్యం చేస్తే ఆ ఎముక మళ్లీ అరిగిపోద్దండి మాస్టారూ. మేడం గారి చేతి పని కదండీ, పాడు చెయ్యకండి."

పోయిన గురువారం వెళ్లాను. ఎక్స్‌రే తెర మీద పెట్టింది. ఒకప్పుడు నల్లగా గుంట ఉన్న చోట తెల్లగా నిండి ఉంది. "పాతదేదో కొత్తదేదో తెలియట్లేదండి" అంది. మత్తు సూది అందుకుంది.

ఒక్కసారి చూసుకుంటానన్నాను. చేతి అద్దం ఇచ్చి, దీపం దగ్గరగా జరిపింది.

గులాబీ రంగు చిగురు. నున్నగా ఉంది. కుట్ల గీత కూడా లేదు. పెదవి వేలితో లాగి ఎంత వెతికినా, ఆవిడ చెయ్యి పడ్డ చోటు దొరకలేదు.

"కానివ్వమ్మా" అన్నాను.

పని అవుతున్నంతసేపూ అద్దం నా చేతిలోనే ఉంది. ఆ అమ్మాయి దాన్ని తిరిగి ఇమ్మనలేదు.