డెబ్బై అయిదు డిగ్రీలు

ఆ రోజుల్లో మా పదో తరగతి ఆడపిల్లలకు ఒక వింత జబ్బు ఉండేది. లెక్క వచ్చేది, వచ్చిందని చెప్పడమే వచ్చేది కాదు. మగపిల్లలది సరిగ్గా దీనికి తిరగేసిన జబ్బు. ఖిలా వరంగల్‌లోని మా సర్కారు బడిలో లెక్కల సారు ప్రశ్న పూర్తి చేయకముందే వాళ్ల చేతులు లేచేవి. అన్నిటికంటే ముందు లేచేది మా మేనత్త కొడుకు చెయ్యి. వాణ్ని అందరూ తోపు అనేవాళ్లు (ఆ పేరు పెట్టుకున్నది కూడా వాడే). పరీక్ష రాసి బయటికొస్తూ వాడు "నూటికి నూరు పక్కా" అనేవాడు, నేను "ఫెయిలైతనేమో" అని ఏడ్చేదాన్ని. పేపర్లు ఇచ్చాక వాడు గట్టెక్కితే గొప్ప, నాది క్లాస్ ఫస్టు. అయినా మళ్లీ పరీక్షకు వాడి ధీమా తగ్గేది కాదు, నా ఏడుపూ ఆగేది కాదు.

ఓసారి హనుమకొండలో బడుల మధ్య లెక్కల పోటీ పెట్టారు. "ఎవరు పోతరు?" అని సారు అడిగితే మగపిల్లల వరుసంతా లేచింది. మేమంతా తలలు దించుకున్నాం. సారు నెత్తి కొట్టుకుని, "మార్కులేమో ఈళ్లకు, ధైర్యమేమో ఆళ్లకు! నేనేం చెయ్యాలె?" అని తోపునూ నన్నూ జంట కట్టాడు. "నాకు రాదు సార్" అన్నాను. "రాకున్నా పో" అన్నాడు.

పోటీలో మైకు తోపు చేతిలోనే ఉంది. నేను వాడి చెవిలో జవాబు చెప్పి, "అనుకుంటా" అని చేర్చేదాన్ని. వాడు అది వదిలేసి తనకు తోచిందేదో గర్జించేవాడు. నేను కసురుకుంటే, "నీకే నమ్మకం లేదు, నేనెట్ల నమ్మాలె?" అన్నాడు (ఇందులో మాత్రం న్యాయముంది). అట్లా వెనకబడిపోయాం.

అప్పుడొచ్చింది ఆ ప్రశ్న: మూడున్నరకు గడియారం ముళ్ల మధ్య కోణమెంత? పక్క జట్టు "తొంభై!" అని తప్పు చెప్పింది. వంతు మాకొచ్చింది. తోపు నోరు తెరిచి, మూసి, మైకు నా ముందుకు తోశాడు. "పిల్లా, నాకు రాదు. నువ్వే చెప్పు." వాడి నోట ఆ మాట వినడం అదే మొదలు.

"డెబ్బై అయిదు డిగ్రీలా... మేడం?"

జడ్జి మేడం కళ్లద్దాల మీదుగా చూసింది. "అడుగుతాన్నవా బిడ్డా, చెప్తాన్నవా?"

హాలంతా నవ్వింది. నా చెవులు మండాయి. చిన్న ముల్లు మూడు దాటి నాలుగు వైపు సగం దూరం నడిచిన సంగతి నాకు కళ్లకు కట్టినట్టు కనిపిస్తోంది. ఎక్కడలేని కోపం వచ్చింది. "చెప్తాన్న మేడం! డెబ్బై అయిదే!" అని అరిచాను. మైకు కీచుమంది, ముందు వరుసవాళ్లు చెవులు మూసుకున్నారు.

"కరెక్టే గని, జర మెల్లగ" అంది మేడం.

ఆ తర్వాత మైకు నా దగ్గరే ఉండిపోయింది. (తోపు అడిగాడు. నేనివ్వలేదు.) మొదటి బహుమతి మాకే వచ్చింది. తిరుగు బస్సులో కండక్టరు మొదలు కూరగాయల గంపతో కూర్చున్న అవ్వ దాకా అందరికీ వాడే చాటాడు. "మా మరదలు గెలిచింది! మైకిచ్చింది నేనే!"

ఇంటికెళ్లేసరికి బాపు పవర్‌లూమ్ నడుపుతున్నాడు. "గెలిచిన బాపూ!" అన్నాను.

"ఏందీ?"

"ఫస్టొచ్చిన!"

"ఈ సప్పుడుకు ఇనవడ్తలేదు బిడ్డా, గట్టిగ చెప్పు!"

ఇరుగుపొరుగు బయటికొచ్చేదాకా అరిచాను. అప్పుడు మరమగ్గం ఆపి, తువ్వాలతో మొహం తుడుచుకున్నాడు. మొదటిసారే వినిపించిందని చాన్నాళ్ల తర్వాత ఒప్పుకున్నాడు. "మల్ల మల్ల ఇనబుద్ధయింది, గంతే."

ఇప్పుడు నేనూ లెక్కల టీచర్నే. క్లాసులో మెల్లగా, మర్యాదగా మాట్లాడతానని పేరు. ఆ సాయంత్రం మరమగ్గం మోతను మించి గొంతు చించుకున్న పిల్ల గుర్తొస్తే నవ్వొస్తుంది. అంత దమ్ము ఇప్పుడు నాకెక్కడిది!