డేరా తాడు మీద మడిచీర

1963 దసరా సెలవులు. బళ్ళారిలో ఆడపిల్లల హైస్కూల్లో నేను డ్రిల్లు టీచరుని. ఇప్పుడు దోణిమలై అంటే ఇనుప గని, టౌన్‌షిప్పు గుర్తొస్తాయి కానీ, అప్పుడు ఆ వైపంతా ఉత్త అడవి. ఈనాటి పిల్లలు నేషనల్ పార్కులంటూ ఎక్కడెక్కడికో వెళ్ళొస్తున్నారు, సంతోషమే. మాకు మాత్రం సండూరు కొండలే సమస్తం. పొద్దున్నే డేరా తెర ఎత్తితే ఎదురుగా నెమళ్ళు తిరుగుతుండేవి. ఆ తడి ఆకుల వాసన తలుచుకుంటే ఈ వయసులోనూ కాళ్ళు ఆగవు నాకు.

ఆ ఏడే మొదటిసారి పిల్లలను మూడు రాత్రుల క్యాంపుకి తీసుకెళ్ళాను. ఇళ్ళు ఒప్పించడానికి నా చెప్పులరిగాయి. అన్నిటికన్నా గట్టి ఇల్లు బజారులో బట్టలకొట్టు వాళ్ళది. ఆ ఇంటి పిల్ల శాంత ఎస్సెల్సీ చదువుతోంది, కాలేజీకి వెళ్ళాలని దాని ఆశ. ఇంట్లో నడిచేది నాయనమ్మ నాగమ్మవ్వ మాట. అవ్వకి మడి. తన చేత్తో తడిపి ఆరేసుకున్న చీర, ఇంకెవరూ తాకనిది, కట్టుకుని వండుకుంటేనే ముద్ద నోట్లోకి పోతుంది.

"మనవరాలిని పంపిస్తా టీచరమ్మా. కానీ నేనూ వస్తా" అంది. "నా పొయ్యి నాది. నా మడి ఎవురన్నా చెడిపినారా, ఆ పొద్దే దీన్ని బస్సెక్కిస్తా. ఇంగ బడీ లేదు, గిడీ లేదు."

శాంత నా వైపు చూసింది. సరేనన్నాను. ఇంకేమనను?

క్యాంపులో మాది ట్రెంచ్ ఫైర్. అంటే మూరెడు వెడల్పున పొడుగ్గా కాలువలా గుంట తవ్వి, అందులో మంట వేసి, మీద వరసగా గిన్నెలు పెట్టడం. మొదటి పూట పిల్లలు ఉగ్గాణి చేశారు. బొరుగులు ఎక్కువ నానబెట్టి గంజి చేసినా, అందులో సగం పొగ వాసనే ఉన్నా, ఇంట్లో పిలిచి పెడితే తినని వాళ్ళు బాణలి గీకి మరీ తిన్నారు. ఆరుబయట ఆకలి అలాంటిది. అవ్వ దూరంగా మూడు రాళ్ళ మీద తన గిన్నె తాను పెట్టుకుంది. పడుకోవడానికి కురుగోడు సంతలో కొన్న నల్ల కంబళ్ళు ఇస్తే ముక్కు మూసుకుంది.

"అబ్బా, గొర్రె కంపు! మీరే కప్పుకోండి తల్లీ."

మడిచీర ఆరేయడానికి ఆమెకి ఒక్క చోటూ నచ్చలేదు. చెట్లకి పక్షులట, దండేనికి పిల్లలట. చివరికి పెద్ద డేరా వెనకవైపు గై రోపులు, అంటే డేరాను లాగి మేకులకు కట్టే తాళ్ళు, వాటి మీద పరిచింది. వద్దన్నాను. నా మాట వింటే ఆవిడ నాగమ్మవ్వ ఎందుకవుతుంది?

మరుసటి రోజు మధ్యాహ్నం కొండ మీంచి వాన దిగింది. జనపనార తాడు తడిస్తే బిగుసుకుంటుంది. వెంటనే వదులు చేయకపోతే మేకులు పెరుక్కొచ్చి డేరా కూలుతుంది. ఈ సంగతి ముందే నేర్పాను గనుక పిల్లలు తాళ్ళ మీదకి పరిగెత్తారు. నేను కట్టెల మీద తాటాకులు కప్పుతున్నాను. వెనకనుంచి కేకలు వినిపించి వెళ్ళి చూద్దును కదా, నలుగురు పిల్లలు చేతులు కట్టుకుని వానలో నిలబడి ఉన్నారు! పక్కనే మేకు మట్టిలోంచి పైకి లేస్తోంది.

"వదులు చెయ్యరేం?"

"అవ్వ చీర ఉండాది టీచర్!"

డేరా లోపల, హచ్చొళ్ళి ఊరి రైతుల పిల్ల గంగ పడుకుని ఉంది. పొద్దున కాలు మడతపడి లేవలేకుండా ఉంది. ఆ నడిమి వాసం మీద పడితే? నేను అడుగు వేసేలోపు శాంత నన్ను తోసుకుని వచ్చింది. చీరను ఒక్క గుంజు గుంజి భుజాన వేసుకుని, తాడు వదులు చేసి, రాయితో మేకును దిగ్గొట్టింది. తలెత్తి చూస్తే ఎదురుగా ఫారెస్టు గార్డు పాక అరుగు మీద అవ్వ. అంతా చూసింది.

వాన వెలిసింది. శాంత నీళ్ళోడుతున్న చీరతోనే నా దగ్గరకి వచ్చి, "నా పెట్టె సర్దుకుంటా టీచర్" అంది. దాని మొహం చూడలేకపోయాను. ఆ ముసలమ్మ మీద నాకు ఒళ్ళు మండింది, నిజమే చెబుతున్నాను.

అవ్వ తిన్నగా డేరాలోకి పోయి గంగ కాలు చూసి బయటకొచ్చింది. "పొద్దు వాలుతాండాది. వంట చెయ్యాల. నా పొయ్యి మునిగె" అంది.

"మడిబట్ట కూడా లేదు కదా అవ్వా. తడిచీరే మళ్ళీ తడుపుకుని కట్టుకుంటారా? ఈ చలిగాలికి జ్వరం వస్తుంది" అన్నాను.

"ఎందుకు కట్టుకుంటా? ఆ గొర్రె కంబళి యాడ పెట్టినారు? ఇట్ల తే."

నాకు అర్థం కాలేదు.

"చదువుకున్నావు, ఇది తెలీదా? ఉన్నికి అంటు లేదమ్మా. మా అత్త వానాకాలమంతా ఉన్నిబట్టతోనే వండేది."

స్నానం చేసి నల్ల కంబళి చుట్టుకుని గొర్రెలకాపరిలా వచ్చి మా ట్రెంచ్ ఫైర్ ముందర కూర్చుంది. పిల్లలు నవ్వు ఆపుకోలేక చచ్చారు. "నవ్వండి నవ్వండి. వండేంత వరకూ ఎవురూ తాకొద్దు. ఉల్లిగడ్డలు దూరంగా పెట్టండి" అని అందరికీ చిత్రాన్నం కలిపింది. చెనిక్కాయలు, నిమ్మకాయ, ఇంగువ. అంతే! అలాంటి చిత్రాన్నం నేను మళ్ళీ తినలేదు.

శాంత మాత్రం రాలేదు, పెట్టె పక్కనే కూర్చుంది. అవ్వ విస్తరి పట్టుకుని దాని దగ్గరకి పోయింది.

"ఏందే, పెట్టె సర్దినావా? విప్పు. బట్టలు తడిసింటాయి, ఆరెయ్యి."

"బస్సు...?"

"బస్సు ఎల్లుండి కదా చెప్పింది టీచరమ్మ." విస్తరి దాని ఒళ్ళో పెట్టింది. "డేరా పడిపోతాంటే చీర చూసుకుంటా నిలబడేదాన్ని నేను పెంచలేదులే. సాకు, ఇంగ ఏడ్చింది చాలు. తిను."

అది తింటూ ఏడ్చింది. నేనూ ఏడ్చాను, పొగ అని చెప్పాను.

ఆ తరవాత ఎన్నో క్యాంపులు నడిపాను. మొదటి రోజు మొదటి పాఠం ఒకటే: చినుకు పడితే తాడు వదులు చెయ్యండి, దాని మీద ఎవరిది ఏది ఆరేసి ఉన్నా సరే. పెద్దవాళ్ళ కోపానికి భయపడి ఆగకండి. వాళ్ళకి మనకన్నా ఎక్కువ దారులు తెలుసు.

మరుసటి దసరాకి శాంత కాలేజీలో ఉంది. మేము బస్టాండుకి చేరేసరికి నాగమ్మవ్వ ముందే వచ్చి కూర్చుని ఉంది. చేతిలో మడిచీర మూట లేదు. ఒళ్ళో మడతపెట్టిన నల్ల కంబళి ఒక్కటే.

"శాంత రాలేదు కదా అవ్వా?"

"దాని చదువు అది చదువుకుంటాది" అంది అవ్వ లేస్తూ. "ఈసారి డేరా యాడ?"