లచ్చమ్మ గొర్రెల వీలునామా

1949 ఎండాకాలం. సూర్యాపేట తహసీలు కచేరీ వసారాలో కూర్చుని దస్తావేజులు రాసేవాణ్ణి. నిజాం పాలన పోయి ఇంకా ఏడాది కాలేదు. పాత కాయిదాలు, అంటే చట్టాలు, ఉన్నాయో పోయాయో కచేరీ వాళ్లకే తెలియదు. ఏ భాషలో రాయాలి, ఏ స్టాంపు చెల్లుతుంది అని అడిగితే పొద్దున ఒక జవాబు, సాయంత్రం ఒక జవాబు. అడకత్తెరలో పోకచెక్కలా ఉండేది నా పని.

అలాంటి రోజుల్లో పెన్‌పహాడ్ నుంచి గొల్ల మల్లయ్య వచ్చాడు. ముసలివాడు, భుజాన గొంగడి. వసీయత్‌నామా రాయాలన్నాడు. అంటే వీలునామా, మనిషి పోయాక ఆస్తి ఎవరికి చెందాలో చెప్పే కాగితం. దొరలూ షావుకార్లూ తప్ప గొర్రెల కాపరి ఎవరూ దానికోసం నా దగ్గరికి రాలేదు. చావు మాట ఎత్తితే చావు ఇల్లు వెతుక్కుంటూ వస్తుందని జనానికి భయం. మల్లయ్య కూడా "నేను..." అని ఆగి, చేత్తో ఆకాశం చూపించాడు.

"గట్లయినంక పంతులూ, నా మందల సగం పెద్దకోడలు లచ్చమ్మకు రావాలె. పెద్దకొడుకు జరమొచ్చి పాయె. దానికి పిల్లల్లేరు. చిన్నోడు వీరయ్య మంచోడే, గని రేపు ఎవని బుద్ధి ఎట్లుంటదో ఎవలకెరుక?"

భర్త పోయిన కోడలికి తిండీ బట్టా తప్ప ఏమీ రాదని మిర్యాలగూడ వకీలొకడు అన్నాడట. రాసిస్తే చెల్లుతుందని కోదాడలో ఇంకెవరో అన్నారట. ఎవరిది నిజమో నాకూ తెలియలేదు. పైగా పొలమైతే నాలుగు దిక్కుల హద్దులు రాస్తాం. నడిచే ఆస్తికి ఏం హద్దులు రాయను? ఈ రోజున్న గొర్రె ఆ రోజుకి ఉంటుందా?

"ఎడమ చెవికి కోత పెడ్త పంతులూ. గా కోత ఉన్నయి, వాటికి పుట్టినయి, అన్ని లచ్చమ్మయే."

చెవి కొసన కత్తిరించిన గుర్తును బట్టి ఏ గొర్రె ఎవరిదో వాళ్లు చెప్పేస్తారు. బతికాన్రా అనుకుని అదే రాశాను. ఇద్దరు గవాహీలు, అంటే సాక్షులు, వేలిముద్రలు వేశారు.

కొద్ది రోజులకే మల్లయ్య మళ్లీ రొప్పుతూ వచ్చాడు.

"కోత పెట్టిన కాన్నుంచి లచ్చమ్మ బువ్వ ముడ్తలేదు. కోదాడ కాడ పుట్టింటికి పోతనని మూట గట్టింది. చిన్నోడు నాతోని మాట్లాడ్తలేడు. నాకేం సమజైతలేదు. మీరేం రాసిండ్రు పంతులూ?"

కాగితం విప్పి మళ్లీ చదివాను. తప్పేమీ కనిపించలేదు. నాకూ పరేషానై అతని వెంట పెన్‌పహాడ్ వెళ్లాను. వాకిట్లో మూట సిద్ధంగా ఉంది. లచ్చమ్మ తలుపు చాటున నిలబడి ఉంది. ఎందుకమ్మా పోతున్నావని అడిగాను.

"మా మామ సగం గొర్లకు వేరే కోత పెట్టి, గివి నీయే అన్నడు. ఇంట్లకెళ్లి మనిషిని వేరుపెట్టేటప్పుడే గద, వేరే కోత పెట్టేది? మొగడు లేనిది ఇగ ఎందుకని నా వంతు ఇచ్చి పంపుతున్నరు. నేనేం తప్పు జేసిన్నని అడగ నోరు రాలే."

వీరయ్య తండ్రి మీద లేచాడు. "వదినను ఎల్లగొట్టేదేంది నాయినా? నన్నొక్కమాట అడిగినవా?"

అప్పుడు గానీ నా బుర్రకెక్కలేదు. ముసలాయన చెవులు కోశాడే తప్ప, ఎందుకు కోశాడో ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. చెప్పాలంటే చావు మాట ఎత్తాలి కదా! నాకు కోపమూ వచ్చింది, జాలీ వేసింది.

"చెప్పు మల్లయ్యా, నోరు దెరిచి చెప్పు" అన్నాను.

అతను గొంగడి కొసను నలిపాడు. మళ్లీ ఆకాశం వైపు చెయ్యెత్తబోతే వద్దన్నాను.

"నేను సచ్చినంక బిడ్డా," అన్నాడు చివరికి. "ఇయ్యాల గాదు. నేను సచ్చినంక గూడ నిన్ను ఈ ఇంట్లకెళ్లి ఎవ్వలు పొమ్మనొద్దని."

లచ్చమ్మ తలుపు చాటు వదిలి మామ ఎదుటికి వచ్చింది.

"గీ మాట మొదలే అంటే ఏంబోయె మామా? బతికుండంగనే నన్ను సంపితివి గద!" అని అక్కడే కూలబడి ఏడ్చింది. వీరయ్య మూట తీసుకెళ్లి లోపల పెట్టాడు.

ఆ తర్వాత ఎన్ని కాయిదాలు మారాయో, అన్నీ నాకు అర్థమయ్యాయని చెప్పలేను. కానీ వీలునామా కోసం ఎవరొచ్చినా ముందు ఆస్తి సంగతి అడగడం మానేశాను. "ఇంట్ల చెప్పినవా?" అంటాను. లేదంటే వెనక్కి పంపిస్తాను. కొందరు మళ్లీ రాలేదు, నా కూలి పోయింది, పోనీ. మనం పోయాక ఎవరి బతుకు గురించి మనకు భయమో, ఆ మాట కాగితం కంటే ముందు ఆ మనిషి వినాలి.