పెంకుల సందులో వెదురు కట్టె

మొన్న ముసురులో మా కొత్త స్లాబు చూడటానికి వచ్చిన మేస్త్రి మూలమూలకీ తల ఎత్తి చూసి, "ఈ ఇల్లు మీ మనవళ్ల కాలానికి గూడ కురవదు సార్" అని హామీ ఇచ్చి, చాయ్ తాగి వెళ్లిపోయాడు. సంతోషించాల్సిన మాటే. నాకెందుకో కొంచెం శాపంలా వినిపించింది. పెంకుటిళ్లలో పెరిగినవాళ్లకు చెబితే అర్థమవుతుంది, మిగతావాళ్లు నాకు పిచ్చి అనుకుంటారు, అనుకోనివ్వండి.

పర్ణశాల దగ్గర మా పాత ఇల్లు గూనపెంకులది. నేను బూర్గంపాడులో సెల్‌ఫోన్ల దుకాణంలో కొత్తగా పనికి చేరిన ఏడు, అక్క పురిటికి వచ్చి ఉండగా ముసురు పట్టింది. ఎండాకాలమంతా కోతులు మా కప్పు మీద జరుపుకున్న పెళ్లిళ్ల ఫలితం అప్పుడు తెలిసింది. వంటింట్లో గిన్నెలన్నీ బయటికొచ్చి చుక్కల కింద కూర్చున్నాయి. ఉయ్యాల ఉన్న గది ఒక్కటే కాస్త పొడిగా ఉంది. ఉయ్యాల్లో వారం దాటని మేనకోడలు. చీకటిపడే సరికి ఆ గదీ మిగలదని అందరికీ తెలుసు.

తడి పెంకుల మీద ఒక్కటీ విరగకుండా నడవగలిగినవాడు మా వంశం మొత్తంలో మేనమామ ఒక్కడే. కోడిపుంజు బరువు ఉండేవాడు. నాన్న ఎక్కితే పెంకులేం ఖర్మ, వాసాలే దిగివస్తాయి. నా సంగతి దుకాణంలో నా కింద విరిగిన స్టూలుకు తెలుసు. చిక్కేమిటంటే, మామకూ నాన్నకూ అక్క పెళ్లినాటి నుంచి మాటల్లేవు. కారణం పొలం కాదు, పరువు కాదు. పెళ్లి దావత్‌లో మామ కన్నేసిన మటన్ మూలుగ బొక్కను నాన్న తన వియ్యంకుడికి వడ్డించేశాడు. దాని మీద రెండు వానాకాలాలు గడిచాయి.

అమ్మ ఫోను చేస్తే మామ అవతలి ఊరి నుంచి వంతెన దాటి తడుస్తూ వచ్చి, నాన్న వైపు చూడకుండా, కాలు జారకుండా పరుచుకోవడానికి గోనెసంచి భుజాన వేసుకొని నిచ్చెన ఎక్కాడు. పెంకుటింటి పద్ధతి మీకు తెలిసిందే. చుక్క పడే చోట కిందివాడు సందులోంచి వెదురు కట్టె పైకి పొడుస్తాడు, పైవాడు దొరికింది అంటాడు, కిందివాడు కట్టె లాగేస్తే పైవాడు పెంకు సర్దుతాడు. మాట లేనిదే సాగని పని అది. మావాళ్లు మాట లేకుండానే మొదలుపెట్టారు. దొరికిందని మామ చెప్పడు, దొరికిందా అని నాన్న అడగడు. మామ పెంకు సర్దగానే, ఇంకా చూడలేదేమోనని నాన్న మళ్లీ పొడవడం, అది ఎగిరి జారి సొరపాదులో పడటం. అట్లా మంచి పెంకులు కూడా సొరపాదుకే చేరాయి.

"ఇద్దరు కలిసి నా ఇంటిని జల్లెడ చేస్తున్నరు" అంది అమ్మ, గోడకు చెప్పినట్టు. నేను వాకిట్లో నిలబడి అటు మాట ఇటు చేరవేయబోయాను గానీ, వాన చప్పుడుకు నా గొంతు నాకే వినబడలేదు.

అంతలో ఉయ్యాల మీదనే ఒక ధార దిగింది. పిల్ల గుక్కపట్టింది. ఆ ఏడుపు సందుల్లోంచి పైకి పోయినట్టుంది. కప్పు మీంచి మామ గొంతు వచ్చింది.

"బావా, ఆ కట్టె గుంజు. పిల్ల తడుస్తుంది."

నాన్న గుంజాడు. చేతిలో కట్టెను ఒకసారి చూసుకొని, "గుంజిన. పాకుడున్నది, పైలంగ నడువు" అన్నాడు.

కౌగిలింతలేమీ జరగలేదు. ఒకరు కప్పు మీద, ఒకరు నేల మీద ఉంటే కష్టం. చీకటి పడకముందే ఉయ్యాల గది మాత్రం ఆరింది. మామ దిగాక నాన్న తన తువ్వాలు అందించాడు. ఆ ఆదివారం మూలుగ బొక్క ఎవరి కంచంలో పడిందో చెప్పనక్కర్లేదు. ఆ తర్వాత ప్రతి ముసురుకూ మామ పిలవకుండానే వచ్చేవాడు. చుక్క ఎక్కడ పడుతుందో తెలియకముందే నాన్న కట్టె పట్టుకొని నిలబడేవాడు.

ఇప్పుడు మేనకోడలు బడికి పోతోంది. మామ బరువెక్కాడు, స్లాబుకు అదేం లెక్క. పోయిన నెల ఇద్దరికీ మళ్లీ చెడింది. గృహప్రవేశం ఫొటోలో మామ తల సగమే పడిందట, నాన్న దాన్నే ఊరందరికీ పంపించాడట. ఈ పొద్దు మళ్లీ వాన. ఇప్పుడు బట్టలు ఆరేసుకోవడానికే మిగిలిన ఆ పాత వెదురు కట్టె తలుపు వెనక ఉంది. నాన్న కుర్చీలో కూర్చొని పైకి చూస్తున్నాడు. నేనూ చూశాను. మేస్త్రి మాట నిజమే, ఒక్క చుక్కయినా రాలడం లేదు.