మిగిల్చిన బిళ్లలు

మా ఇంట్లో దేవుడి గూట్లో, పటాల పక్కన ఒక బిస్కెట్ల డబ్బా ఉండేది. దాని నిండా మందుబిళ్లలే. వేముల దగ్గర మా ఊళ్లో ఎవరికి బేదులైనా ముందు మా ఇంటికే వచ్చేవాళ్లు. పులివెందుల డాక్టరు ఐదు రోజులకు రాసిస్తే, రెండో రోజు తగ్గగానే ఆపేసి మిగిలినవి ఆ డబ్బాలో వేసేదాన్ని. మందు పారేయడమంటే నాకు అన్నం పారబోసినట్టే ఉండేది.

మాది గొర్రెల ఇల్లు. గొర్రెపిల్లలు బేదులతో పారుతుంటే అవే బిళ్లలు సగం విరిచి, నూరి పట్టించేవాళ్లం. మా ఆయన మంద తోలుకుని మైలవరం వైపు పోయేటప్పుడు తువ్వాలు కొసన నాలుగు బిళ్లలు కట్టి పంపేదాన్ని. "గొర్రెలకో నీకో, ఎవరికి ముందొస్తే వాళ్లకు ఏసుకోపో" అని నవ్వేదాన్ని. ఊళ్లో వాళ్లు డాక్టరమ్మా అని ఎకసెక్కాలాడితే పైకి కసిరినా లోపల మురిసిపోయేదాన్ని. సిగ్గు లేకుండా చెబుతున్నాను.

పోయిన వేసవిలో నాలుగేళ్ల నా కూతురికి బేదులు పట్టుకున్నాయి. సగం బిళ్ల వేశాను. తగ్గకపోతే ఇంకో సగం వేశాను. సాయంత్రానికి రక్తం పడింది. పులివెందులలో రెండు రోజులు సెలైన్ ఎక్కించి, ఇక ప్రొద్దుటూరు తీసుకుపొమ్మన్నారు. బస్సులో పిల్ల ఏడవడం కూడా మానేసింది. దాని ఏడుపుకు ఎన్నిసార్లు విసుక్కున్నానో! ఆ రోజు మాత్రం ఒక్కసారి ఏడవవే తల్లీ అని బతిమాలాను.

ప్రొద్దుటూరు ఆసుపత్రిలో మలం పరీక్షకు పంపారు. ఫలితానికి మూడు రోజులు పడుతుందన్నారు. ఈలోగా ఇచ్చిన మందు పనిచేయలేదు. చెంచాతో నీళ్లు పోయడం, గుడ్డలు మార్చడం, అంతకుమించి నా చేతుల్లో ఏమీ లేదు.

కాగితం వచ్చాక డాక్టరమ్మ ఒక్కో మందు పేరు మీద పెన్ను పెట్టి, "ఇది పనిచేయదు, ఇదీ చేయదు" అంటూ కిందికి పోయింది. అందులో చాలా పేర్లు నాకు తెలుసు. నా డబ్బాలోవే.

"ఇంతకుముందు ఇవి వాడినారామ్మా?"

"వాడినాం మేడం. తగ్గగానే ఆపేస్తాంటి. గొర్రెలకు గూడా ఏస్తాంటిమి."

ఆమె తిట్టలేదు. తిట్టినా బాగుండేది. "అరకొరగా వేస్తే క్రిములన్నీ చావవమ్మా. మందుకు లొంగనివి మిగిలి, అవే పెరిగి ఒకరి నుంచి ఒకరికి పాకుతాయి. పనిచేసేది ఇంక ఒక్క సూదే ఉంది. చూద్దాం" అంది.

ఆ సూది మొదలుపెట్టిన రోజు పొద్దున్నే పక్కింటామె ఫోన్ చేసింది. "వదినా, మా సిన్నదానికి బేదులు. మీ అత్త డబ్బా ఇచ్చింది. సగం ఏయాల్నా, ఒకటా?"

"ఏయొద్దు! ఉప్పూ చక్కెర నీళ్లు తాపుతా పులివెందులకు ఎత్తకపో. ఆ బిళ్లలు పనిచేయవంట."

"ఏంది వదినా అట్లంటావు? పోయినేడు నీ చేత్తోనే గదా ఏసింది, ఒక్క బిళ్లకే నిలబడె!"

ఎంత చెప్పినా వినలేదు. ఊరంతా నా మాట వినేలా చేసుకున్నది నేనే. ఇప్పుడు కాదంటే ఎవరు నమ్ముతారు?

నాలుగు రోజులకు నా కూతురు లేచి కూర్చుని అన్నం అడిగింది. ఆ రోజే పక్కింటామె తన బిడ్డను భుజాన వేసుకుని మా వార్డులోకి వచ్చింది. పిల్ల తల వాల్చేసి ఉంది. డాక్టరమ్మ ఎదురుగానే ఉన్నా, ఆమె నేరుగా నా మంచం దగ్గరికే వచ్చింది.

"ఈటితో తగ్గల్యా వదినా. ఇంగ ఏ బిళ్ల ఏయాల్నో నువ్వే చెప్పు."