లేదనకూడని అంగడి

మొన్న మా మనవరాలు ఇక్కడి సోలార్ పార్కులో పనికి చేరింది. మొదటి రోజే పెద్ద ఇంజనీరు ఏదో అడిగితే తనకు తెలీదని, చూపిస్తే నేర్చుకుంటానని చెప్పేసిందట. ఆ సంగతి అన్నం కలుపుకుంటూ మామూలుగా చెబుతుంటే, అంత మాట నోట రావడానికి నాకు తుమకూరులో ఎన్ని నెలలు పట్టిందో గుర్తొచ్చి నాలో నేనే నవ్వుకున్నాను.

మాది కర్ణాటకలో తెలుగు సరిహద్దు ఊరు పావగడ, బజారులో అంగడి. నా ఈడు వాళ్లకు చెప్పనక్కర్లేదు, అంగట్లో లేదన్న మాట పలికితే లక్ష్మి అలిగి పోతుందని మా నాయన నమ్మకం. బియ్యం అయిపోతే నిండుకున్నాయనాలి, అడిగిన సరుకు లేకపోతే రేపొస్తుందని చెప్పి ఈలోగా ఇంకొకటి చేతిలో పెట్టాలి. ఈ విద్యలో నేను నాయనను మించినదాన్ని. పదో తరగతితో చదువు చాలన్న ఆయనతో డిగ్రీ దగ్గర బేరం మొదలుపెట్టి, చివరికి పీయూసీ, అంటే ఇంటర్, అందులో ఒక్క ఏడాది దగ్గర తెంపాను. పరీక్ష తప్పితే మారుమాట లేకుండా వచ్చి గల్లాపెట్టె ముందు కూర్చోవాలని షరతు.

తుమకూరు హాస్టల్లో నా తెలుగు వాసన కన్నడానికి తోటి పిల్లలు నవ్వితే ఆ యాస మింగేశాను, బెల్లం వేసిన సాంబారును మెచ్చుకుంటూ తిన్నాను, నాలుగు నెలల్లో అక్కడిదాన్నే అయిపోయాననుకున్నాను. క్లాసులో మాత్రం అంతా ఇంగ్లీషు. అర్థమైందా అంటే అందరికంటే ముందు తలూపేది నేనే. ప్రశ్న వేస్తే రేపు చెప్తాననేదాన్ని, మరీ నిలదీస్తే పక్క పాఠంలోది ఏదో అప్పజెప్పేదాన్ని. అర్ధ సంవత్సరం పరీక్షలో ఫిజిక్స్ తప్పాను.

ఫిజిక్స్ మేడం పిలిపించి ఏ పాఠం అర్థం కాలేదని అడిగితే, అన్నీ అయ్యాయన్నాను. ఆవిడ మీ నాయన ఏం చేస్తాడని అడిగి, అంగడి అని తెలిశాక చిన్నగా నవ్వి కన్నడంలో అన్న మాట ఇది:

"గిరాకీకి లేదని చెప్పొద్దులే. సరుకు తెచ్చి వేసేవాడికైనా చెప్పాలి కదమ్మా? నేను గిరాకీని కాదు."

మర్నాడు క్లాసులో లేచి అర్థం కాలేదన్నాను, అదీ మా ఊరి యాసలోనే. లక్ష్మి సంగతేమో గానీ నా ప్రాణమే గడప దాటినట్టయింది. కొందరు నవ్వారు, మేడం పాఠం మళ్లీ మొదటినుంచి ఎత్తుకుంటే, నవ్వినవాళ్లే ముందుగా నోట్సు తెరిచారు. ఏడాది చివర ఫస్టు క్లాసులో పాసయ్యాను.

రెండో ఏటి కోసం నాయనతో మళ్లీ బేరమాడాలని మాటలన్నీ కూర్చుకుని ఇంటికొచ్చాను. వచ్చిన రెండో రోజు నాగలమడిక నుంచి వచ్చిన ఒక అవ్వ కుంకుడుకాయలు అడిగితే, డబ్బా తెరిచి చూసి లేవవ్వా అనేశాను. ఆమె మెట్లు దిగిపోయింది. తక్కెడ పట్టుకున్న నాయన చెయ్యి అట్లే ఆగిపోయింది. తిడతాడనుకున్నాను. ఆయన వాకిట్లోకి పోయి అవ్వను వెనక్కి పిలిచి, ఇప్పటికి శీకాయ ఇచ్చి, రేపు రమ్మని పంపి, నా పక్కన కూర్చున్నాడు.

"నీకింక అంగడి రాదులేమ్మా. పో, పోయి చదువుకో."

నోరు తెరవకుండా నేను గెలిచిన బేరం అదొక్కటే. గెలిచి దొడ్లోకి పోయి ఏడ్చిందీ అప్పుడే.

ఇప్పుడు ఆ వీధిలో సగం అంగళ్లలో ఫోను మీంచి తల ఎత్తకుండానే లేదంటారు. నేనూ కష్టపడి నేర్చుకున్న మాటే కదా, తప్పు పట్టలేను. కానీ వట్టి సంచితో మెట్లు దిగుతూ, రేపు రా అవ్వా అని వెనకనుంచి ఎవరైనా పిలుస్తారేమోనని ఒక్క క్షణం ఆగుతాను.